చంటిపాప కళ్ళు పెద్దగా ఉండి, నీళ్ళు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే

అమ్మా, పిల్లల కంటి విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. ఈ వారంలోనే పాపను పిల్లల కంటి డాక్టరుకి చూపించండి. మీవారికి సెలవు దొరికాక వెళ్దాం, అన్నప్రాశన అయ్యాక చూద్దాం అని వాయిదా వేయకండి.

మీరు రాసింది ఇది. పాపకు నాలుగు నెలలు. పుట్టినప్పటి నుంచీ కళ్ళు పెద్దవే, చూసినవాళ్ళంతా చారడేసి కళ్ళని మురిసిపోతున్నారు, మీ అత్తగారు రోజూ దిష్టి తీస్తున్నారు. మూడో నెల నుంచి రెండు కళ్ళూ నీళ్ళు కారుతుంటే దగ్గర్లోని డాక్టరుగారు కన్నీటి గొట్టం మూసుకుపోయిందని చెప్పి మసాజ్, చుక్కల మందు రాశారు, తగ్గలేదు. బయటికి తీసుకెళ్తే ముఖం మీ భుజంలో దాచేసుకుంటోంది. పది రోజులుగా ఎడమ కంటి నల్లగుడ్డు నీలంగా, మసకగా కనిపిస్తోంది. మీది మేనరికం, పైన నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. పాప ఫోటో కూడా పంపి, పాపకు వచ్చింది గొట్టం సమస్యేనా, ఇంకేదైనానా, మేనరికం వల్లేనా, ఏ గుర్తులు చూడాలి అని అడిగారు.

ఇవన్నీ ఒకే బిడ్డలో కనిపిస్తే కంటి డాక్టరుకు ముందుగా అనుమానం రావాల్సింది పుట్టుకతో వచ్చే గ్లకోమా మీద. గ్లకోమా అంటే మనవాళ్ళు నీటికాసులు అంటారు, అది ముసలివాళ్ళ జబ్బు అనుకుంటారు కూడా. పసిపిల్లలకు వచ్చేది వేరే రకం. ఇది అరుదే, కానీ ఆలస్యం చేస్తే చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఫోటో చూసి జబ్బు ఇదేనని నేను తేల్చలేను, తేల్చకూడదు కూడా. కానీ మీ పాపకు కంటి ప్రెజర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, కొలవకుండా ఇంకో చుక్కల మందు మార్చి చూద్దాం అని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

అసలు లోపల జరిగేదేమిటో కొంచెం తెలిస్తే గుర్తులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కంటి ముందు భాగంలో పల్చటి ద్రవం ఒకటి ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, ఇది బయటికి కారే కన్నీరు కాదు. ఊరినంత ఊరినట్టే నల్లగుడ్డు (కంటి ముందు అద్దంలా ఉండే పొర, కార్నియా) అంచు లోపల చుట్టూ ఉండే సన్నటి అల్లిక కణజాలం గుండా రక్తంలోకి వెళ్ళిపోతుంది. ఈ పిల్లల్లో ఆ కణజాలం కడుపులో ఉండగానే సరిగా తయారుకాదు. వంటింట్లో సింకు గొట్టం మూసుకుపోయి, పైన కుళాయి తిప్పే ఉంటే ఏమవుతుందో అదే జరుగుతుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పెద్దవాళ్ళ కంటి గోడలు గట్టివి, ఒత్తిడి పెరిగినా సాగవు. సుమారు మూడేళ్ళలోపు పిల్లలకు గోడలు మెత్తన, అందుకని కన్నే సాగి పెద్దదవుతుంది. సాగేకొద్దీ నల్లగుడ్డు లోపలి పొర చిట్లుతుంది, ద్రవం నల్లగుడ్డులోకి చేరి అది ఉబ్బి మసకబారుతుంది, ఆ ఉబ్బు వల్ల వెలుతురు గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే నీళ్ళు కారుతాయి, రెప్పలు బిగుసుకుంటాయి. వెనక కంటి నరం మీద కూడా అదే ఒత్తిడి పడుతూ ఉంటుంది, కానీ అది బయటికి కనిపించదు, పిల్ల చెప్పలేదు.

ఇప్పుడు నీళ్ళు కారడం గురించి. ఎక్కువ మంది దారి తప్పేది ఇక్కడే, మీ డాక్టరుగారు గొట్టం అని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే పసిపిల్లలకు కళ్ళు నీళ్ళు కారితే చాలావరకు అదే కారణం, వాళ్ళలో ఎక్కువ మందికి ఏడాది తిరిగేలోపు దానంతట అదే తెరుచుకుంటుంది. అయితే గొట్టం మూసుకుపోయిన పిల్లల కళ్ళు ఎలా ఉంటాయో గమనించండి. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకుపోతాయి, ముక్కు పక్కన మూలలో వేలితో నొక్కితే జిగటగా చీములాంటిది వస్తుంది, కానీ పిల్ల వెలుతురులో హాయిగా కళ్ళు తెరిచి చూస్తుంది, నల్లగుడ్డు అద్దంలా మెరుస్తుంది. గ్లకోమాలో కారేవి తేటనీళ్ళు. పుసి ఉండదు, ఉన్నా నామమాత్రం. వెలుతురులోకి వచ్చినప్పుడు ధార ఎక్కువవుతుంది, చీకటి గదిలో తగ్గుతుంది. గొట్టం మూసుకుపోయిన పిల్లలకు ముక్కులోకి నీరు దిగదు కాబట్టి ఆ వైపు ముక్కు పొడిగా ఉంటుంది, గ్లకోమా పిల్లలకు కంటితోపాటు ముక్కు కూడా కారుతుంది. అందుకే జలుబు అనుకుని జలుబు మందు పోసేవాళ్ళను కూడా చూశాను. రెండు జబ్బులూ ఒకే బిడ్డలో ఉండే అవకాశం లేకపోలేదు, కాబట్టి కాస్త పుసి ఉంది కదా అని ధీమా పడకండి.

వెలుతురు భయం అన్నింటికంటే నమ్మకమైన గుర్తు, దాన్ని తల్లి తప్ప ఇంకెవరూ సరిగా గమనించలేరు. మా ఓపీలో పాపను ఎత్తుకుని తల్లి లోపలికి వస్తుండగానే చాలాసార్లు అర్థమైపోతుంది. పిల్ల నుదురు తల్లి మెడ కింద గట్టిగా ఆనించి ఉంటుంది, తల తిప్పబోతే ఏడుస్తుంది, ట్యూబులైట్ ఆపి తలుపు దగ్గరికి వేస్తే కాసేపటికి తనంతట తనే తల ఎత్తి చూస్తుంది. ఇలాంటి పిల్లలు పాలు తాగేటప్పుడు కూడా కిటికీ వైపు ఉన్న రొమ్ము దగ్గర గొడవ చేస్తారు, రెండో వైపు తిప్పితే ఊరుకుంటారు. బయటికి వెళ్ళినప్పుడు ముఖమంతా ముడుచుకుని రెప్పలు గట్టిగా బిగించేస్తారు, కొందరు పిడికిళ్ళతో కళ్ళు నులుముతూనే ఉంటారు. పిల్ల సిగ్గరి, కొత్తవాళ్ళంటే భయం, నిద్ర చాలలేదు అని ఇంట్లో రకరకాలుగా సర్దిచెబుతారు. నాలుగు నెలల పిల్లకు సిగ్గేమిటి చెప్పండి. ఆ వయసులో పిల్లలు దీపాన్ని చూస్తే కళ్ళు విప్పార్చుకుని చూడాలి.

ఇక పెద్ద కళ్ళ సంగతి. ఇది చెప్పడానికే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ నెలల తరబడి ముద్దు చేసిన అందాన్నే నేను జబ్బు గుర్తుగా చూపించాల్సి వస్తుంది. నిజంగా పెద్ద కళ్ళున్న పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళకు రెప్పల విచ్చు పెద్దది, నల్లగుడ్డు కొలత మామూలే. ఈ జబ్బులో పెరిగేది నల్లగుడ్డే. పుట్టిన బిడ్డకు నల్లగుడ్డు అడ్డకొలత సుమారు 9.5 నుంచి 10.5 మిల్లీమీటర్లు ఉంటుంది. పుట్టగానే 11 దాటితే అనుమానించాలి, ఏడాదిలోపు 12 దాటితే గట్టిగా అనుమానించాలి, 13 దాటితే ఏ వయసులోనైనా మామూలు కాదు. రెండు కళ్ళ మధ్య తేడా ఉంటే కొలత తక్కువగా ఉన్నా వదిలేయకూడదు. ఈ జబ్బు పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి అటూఇటుగా రెండు కళ్ళకూ వస్తుంది, దానివల్లే పోల్చుకోవడానికి మామూలు కన్ను ఉండక ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఒక్క కంటికే వస్తే ఆ కన్ను పక్కదానికంటే పెద్దగా కనిపించి కొంచెం ముందే బయటపడుతుంది.

ఇంట్లో స్కేలు పెట్టి కొలవకండి, కంటికి తగిలితే అదో గాయం. ఇలా చేయండి. పొద్దున పూట ఎండ నేరుగా పడని చోట కిటికీకి ఎదురుగా కూర్చుని, పాప పాలు తాగి ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకోండి. నల్లగుడ్డు మీద కిటికీ ప్రతిబింబం పడుతుంది కదా, దాన్ని చూడండి. ఆరోగ్యమైన కంట్లో కిటికీ అంచులు, ఊచలు కూడా గీసినట్టు స్పష్టంగా కనిపిస్తాయి. నల్లగుడ్డు ఉబ్బితే ఆ ప్రతిబింబం చెదిరి, అంచులు లేని తెల్లటి మచ్చలా ఉంటుంది. రెండు కళ్ళలో ఒకటే తీరుగా ఉందా చూడండి. నల్లగుడ్డు వెనక కనుపాప నల్లగా కనిపిస్తోందా, లేక తెర వెనక ఉన్నట్టుందా చూడండి. పుట్టినప్పుడు ఆసుపత్రిలో తీసిన ఫోటోలు, బారసాల ఫోటోలు మీ ఫోన్లో ఉంటాయి, వాటిని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి డాక్టరుకి చూపించండి, మార్పు ఎప్పుడు మొదలైందో మాటల్లో చెప్పేదానికంటే అవి బాగా చెబుతాయి. ఫ్లాష్ వేసి కొత్తగా తీయాల్సిన పనిలేదు, పాపకు బాధ.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ తొందరపెట్టింది ఎడమ కన్ను నీలంగా మారడం. లోపలి పొర చిట్లినప్పుడు ఒక్కోసారి ఒకట్రెండు రోజుల్లోనే నల్లగుడ్డు మసకబారి, నీలి తెలుపుగా కనిపిస్తుంది, నీళ్ళు, వెలుతురు భయం ఆ రోజు నుంచి పెరుగుతాయి. తర్వాత ఆ మసక కొంత తేరుకోవచ్చు, అప్పుడు తగ్గిపోయిందని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు, కానీ ప్రెజర్ అలాగే ఉంటుంది. చిట్లిన చోట గీతలు మిగిలిపోతాయి, వాటిని హాబ్ గీతలు అంటారు, పరికరంతో చూస్తే అడ్డంగానో నల్లగుడ్డు అంచు వెంబడి వంపుగానో ఉంటాయి. కాన్పులో ఫోర్సెప్స్ తగిలి ఏర్పడే గీతలు సాధారణంగా నిలువుగా ఉంటాయి, ఆ తేడా డాక్టర్లకు పనికొస్తుంది. ప్రెజర్ వల్ల సాగి పల్చబడితే తెల్లగుడ్డు కూడా లేత నీలంగా కనిపించవచ్చు.

ఇలాగే కనిపించే వేరే కారణాలూ ఉన్నాయి. మెగలోకార్నియా అని నల్లగుడ్డు పుట్టుకతోనే పెద్దదిగా ఉండే పరిస్థితి ఉంది, ఎక్కువగా మగపిల్లల్లో వస్తుంది, అందులో నల్లగుడ్డు తేటగా ఉంటుంది, ప్రెజర్ పెరగదు. నల్లగుడ్డు పొర వంశపారంపర్యంగా మసకబారే జబ్బు ఇంకొకటి ఉంది, అదీ మేనరికాల్లో ఎక్కువ, అందులో కన్ను పెద్దది కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా అనే వైరస్ జబ్బు వస్తే బిడ్డకు శుక్లం, గ్లకోమా రెండూ రావచ్చు. ముఖం మీద ఒక వైపు నుదుటి నుంచి రెప్ప దాకా ఎర్రటి పుట్టుమచ్చ ఉన్న పిల్లలకు ఆ వైపు కంట్లో ప్రెజర్ పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి కళ్ళు మామూలుగా కనిపించినా పరీక్ష చేయించాలి. ఒక్క విషయం మాత్రం వేరుగా గుర్తుంచుకోండి. నల్లగుడ్డు తేటగా ఉండి, లోపల కనుపాప తెల్లగా పిల్లికన్నులా మెరిస్తే అది శుక్లం కావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు, దానికి వారం కూడా ఆగకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు చేయకూడనివి. చనుబాలు పిండటం, ఆముదం, నందివర్ధనం పూల రసం, కాటుక, ఏవీ కంట్లో వేయకండి, పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, కానీ ఒప్పుకోకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు అసలు వద్దు. ఎర్రగా ఉన్న కంటికి ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది కాస్త ఉపశమనం ఇచ్చినట్టే ఇచ్చి కంటి ప్రెజర్‌ను ఇంకా పెంచగలదు. ఇప్పుడు వేస్తున్న సీసా, ప్రిస్క్రిప్షన్ వెంట తీసుకెళ్ళి చూపించండి. ఇంకో సంగతి, ఇంట్లో తాతగారికో నాన్నమ్మకో గ్లకోమా చుక్కలు ఉంటే అవే పాపకు వేద్దామనే ఆలోచన రానివ్వకండి, బ్రిమోనిడిన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లలకు వేస్తే మగతలోకి వెళ్ళి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

మేనరికం వల్లేనా అని అడిగారు, సూటిగానే చెబుతాను. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు పది వేల కాన్పులకు ఒకటి, ఇంకా తక్కువ కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒకటి అని లెక్క తేలింది. సౌదీ అరేబియాలో సుమారు 2,500కు ఒకటి. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్నచోట ఇది ఎక్కువ. 1997లో దీనికి కారణమయ్యే సీవైపీ1బీ1 అనే జన్యువును గుర్తించారు. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో లోపం జన్యువు దాగి ఉండి, వాళ్ళ కళ్ళు శుభ్రంగా ఉండి, బిడ్డకు రెండూ చేరితే జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం ఉంటుంది. మేనరికం కాని ఇళ్ళలోనూ ఈ పిల్లలు పుడతారు, జన్యువు దొరకనివాళ్ళూ ఉంటారు. మీరు గ్రహణంలో బయటికి వెళ్ళారనో, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నారనో ఎవరైనా అంటే దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట మీ అత్తగారికి నేనే చెప్పానని చెప్పండి. కోడలిని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం చాలా ఇళ్ళలో చూస్తుంటాను, జన్యువులు ఇద్దరి నుంచీ వస్తాయి.

ఎక్కడికి వెళ్ళాలంటే, మామూలు కంటి అద్దాల క్లినిక్కులో ఇది తేలదు. పిల్లలకు మత్తు ఇచ్చి పరీక్ష చేసే సౌకర్యం ఉన్న చోటికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి, ఎల్వీ ప్రసాద్ వాళ్ళకు విశాఖ, విజయవాడల్లోనూ ఆసుపత్రులున్నాయి. విశాఖ, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి. ఈ జబ్బు ఆపరేషన్లలో మన హైదరాబాద్‌కు మంచి పేరుంది, ఎల్వీ ప్రసాద్‌లో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారికి పిల్లల గ్లకోమా మీద చేసిన కృషి వల్లే 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. డబ్బు గురించి వెనకాడకండి, ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే వెంట ఉంచుకుని రిజిస్ట్రేషన్ దగ్గరే చెప్పండి, కట్టలేనివాళ్ళకు ఉచితంగా చూసే ఏర్పాట్లు పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉన్నాయి.

మత్తు అనగానే తల్లులందరికీ టెన్షన్. కానీ ఏడుస్తూ బిగుసుకున్న పిల్లకు ప్రెజర్ కొలిస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, కంటి నరం కుదురుగా కనిపించదు. కొన్నిసార్లు పాలు తాగుతూ నిద్రలోకి జారినప్పుడు చిన్న పరికరంతో ప్రెజర్ చూడగలుగుతారు, దాన్ని బట్టి మత్తు పరీక్ష ఎంత తొందరగా కావాలో నిర్ణయిస్తారు. మత్తులో ఉన్న కాసేపట్లో ప్రెజర్, నల్లగుడ్డు కొలత, కంటి పొడవు, ఒత్తిడి వల్ల నరం మీద పడిన గుంట ఎంతుందో, ద్రవం బయటికి పోయే మూల ఎలా ఉందో అన్నీ చూస్తారు. జబ్బు ఖాయమైతే చాలాచోట్ల అదే మత్తులో ఆపరేషన్ కూడా చేసేస్తారు, సంతకానికి ముందే సిద్ధపడి వెళ్ళండి. సాధారణంగా తల్లిపాలు నాలుగు గంటల ముందు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపమంటారు, మీ మత్తు డాక్టరు చెప్పిన టైమునే పాటించండి, పాప ఏడుస్తోందని ఒక్క గుక్క కూడా పట్టకండి.

చుక్కల మందులతో ఈ జబ్బు నయం కాదు. ఆపరేషన్ దాకా ప్రెజర్ అదుపులో ఉంచడానికి, నల్లగుడ్డు కొంత తేరుకోవడానికి, ఆపరేషన్ తర్వాత అవసరమైతే తోడుగా వాడతారు. అసలు వైద్యం ఆపరేషనే. గోనియాటమీ, ట్రాబెక్యులాటమీ అనేవి ద్రవం పోయే ఆ మూసుకున్న దారిని తెరిచే ఆపరేషన్లు, ట్రాబెక్యులెక్టమీ అంటే ద్రవానికి కొత్త దారి చేయడం. మన దగ్గర నల్లగుడ్డు బాగా మసకబారాక వచ్చే పిల్లలు ఎక్కువ కాబట్టి ట్రాబెక్యులాటమీతో పాటు ట్రాబెక్యులెక్టమీ కలిపి చేస్తారు. కొందరికి రెండోసారి అవసరం పడుతుంది, అది డాక్టరు తప్పనుకోకండి. పుట్టుకతోనే నల్లగుడ్డు తెల్లబడి పుట్టిన పిల్లల కంటే, మూడు నెలలు దాటి ఏడాదిలోపు బయటపడిన పిల్లల్లో ఫలితాలు బాగుంటాయి. పసిపిల్లల్లో ఇంకో మంచి విషయం ఉంది, ప్రెజర్ త్వరగా తగ్గిస్తే నరం మీద పడిన గుంట కొంత పూడుకుంటుంది, పెద్దవాళ్ళలో అలా జరగడం అరుదు. నేను తొందర పెట్టేది దీనికే.

ఆపరేషన్ బాగా జరిగి, వెలుతురు భయం పోయి, పాప కళ్ళు తెరిచి నవ్వడం మొదలుపెట్టాక చాలామంది చెకప్పులు మానేస్తారు. సాగిన కంటికి మైనస్ పవర్ వస్తుంది, కళ్ళజోడు చిన్న వయసులోనే పెట్టాలి. జబ్బు వల్ల ఒక కన్ను ఎక్కువ దెబ్బతింటే మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది, అప్పుడు బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయాలి, పిల్ల పీకేస్తుంది, ఏడుస్తుంది, ఇంట్లో వాళ్ళు జాలిపడి తీసేస్తారు, అలా ఆపరేషన్ నెగ్గి కూడా చూపు రాని పిల్లలున్నారు. ప్రెజర్ ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ పెరగొచ్చు కాబట్టి ఈ చెకప్పులు జీవితాంతం ఉంటాయి.

మీ నాలుగేళ్ళ బాబును కూడా పాపతోపాటు అదే రోజు తీసుకెళ్ళండి. వాడికి నీళ్ళు కారడం లేదు, కళ్ళు మామూలుగానే ఉన్నాయి అని రాశారు, కానీ మూడేళ్ళు దాటాక కంటి గోడలు గట్టిపడతాయి, ఆ తర్వాత ప్రెజర్ పెరిగినా కన్ను సాగదు, నల్లగుడ్డు మసకబారదు, పైకి గుర్తేమీ లేకుండానే నరం దెబ్బతింటుంది. టీవీకి మరీ దగ్గరగా వెళ్తున్నా, మైనస్ పవర్ త్వరత్వరగా పెరుగుతున్నా అది ఒక్కటే సూచన కావచ్చు. నాలుగేళ్ళ పిల్లాడు కాసేపు కుదురుగా కూర్చోగలడు, వాడికి మత్తు అవసరం రాకపోవచ్చు. ఇకముందు ఇంకో బిడ్డ కలిగితే పుట్టిన మొదటి వారంలోనే కళ్ళు చూపించాలని కాన్పు చేసే డాక్టరుకి ముందే చెప్పి, ఫైలు మీద రాయించుకోండి.